వరండాలో రెండు వందల ఏళ్లు

కిటికీ అద్దం మీద మంచు నెమ్మదిగా జారుతోంది. పదింటికల్లా పట్టిక ముగించి, మధ్యాహ్నం ఇంటికెళ్లి కమ్మగా నిద్రపోవాలని ఆసుపత్రి గణాంకాల ఉద్యోగిని కలలు కంటోంది. పట్టిక పడనిస్తేనా. ఊపిరితిత్తుల వార్డులో ఎనిమిది మరణాలు. ఒక రోగిని ఏడాది గమనిస్తే లెక్కలో ఒక ఏడాది. అలా అందరివీ కూడితే రెండు వందల ఏళ్లు. మిగతా ఆసుపత్రుల లెక్కన అన్నేళ్లకి నలుగురే పోవాలి. ఇలాగైతే సాయంత్రం సమావేశంలో వార్డు మూసేస్తారు. ఆ వార్డు హెడ్ నర్సు ఆమె సొంత అక్క.

"రెట్టింపా? నా చేతుల మీదుగానా?" అక్క పట్టిక లాక్కుని చూసింది. "పదకొండేళ్లు చేశానే."

"ఉండక్కా. చెకప్‌కి రావడం మానేసినవాళ్ల కాలం ఎక్కడ రాశావు?"

"రానివాళ్లకి ఏం రాస్తాం? చివరిసారి వచ్చిన రోజుతో ఆపేశాం."

"ఆ తర్వాత వాళ్లు బతకలేదా మరి?"

అలాంటివాళ్లు యాభై మంది తేలారు. అందులో ఎందరు పోయారో ఏమోనని అక్క భయపడుతూనే ఫోన్ పట్టుకుంది. లౌక్యం ఆమెకి ఏ కోశానా లేదు. "అయ్యా, ఇంకా ఉన్నారా?" అనడిగింది. ఉన్నాం, ఎందుకని అడిగితే, "సాయంత్రంలోపు తేలిపోవాలి," అని పెట్టేసింది.

ఒక్కరూ పోలేదు. మధ్యాహ్నానికి యాభై మందీ బస్సులెక్కి వచ్చిపడ్డారు. వెంట భార్యలు, బావమరుదులు, వీలునామా చంకన పెట్టుకుని ఒక మామగారు. లోపలికి చేరిన జనాన్ని చూసి అంటువ్యాధి అనుకుని కాపలా మనిషి గేటు మూశాడు. గేటు మూశారని వంటగదివాళ్లు మూతులకి గుడ్డలు కట్టుకున్నారు. ఆ గుడ్డలు చూసి పెద్ద డాక్టరు, సాయంత్రం దాకా ఎందుకు, వార్డు ఇప్పుడే మూసేద్దామన్నారు.

చెల్లెలికి అవేమీ చెవికెక్కలేదు. పల్చటి ఎండలో వరండా అంతా మనుషులు కాక ఏళ్లే బారులు తీరి కూర్చున్నట్టుంది ఆమెకి. నిద్రలో నడుస్తున్నట్టు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, చివరి చెకప్ తర్వాత బతికిన కాలం మూడేళ్లు, నాలుగేళ్లు, అయిదేళ్లు అని రాసుకుంది. మొత్తం రెండు వందలు తేలాయి.

"సార్, ఇప్పుడు నాలుగు వందల ఏళ్లు. ఎనిమిది మంది పోవచ్చు. పోయిందీ ఎనిమిదే."

పెద్ద డాక్టరు లెక్క మళ్లీ కట్టి చూశారు. మిగతా ఆసుపత్రులతో వెంట్రుకవాసి తేడా కూడా తేల్లేదు. "అంటే వీళ్లంతా మన మందులతోనే నిలబడ్డారన్నమాట," అని మురిసిపోయి, వార్డుకి మరో పది మంచాలు మంజూరు చేశారు. అక్క చెల్లెల్ని పట్టుకుని కళ్లు తుడుచుకుంది.

చెకప్‌తోపాటే మందులూ మానేశామని వాళ్లలో సగం మంది చెప్పారు గానీ, ఫారంలో దానికి గడి లేదు.