ఎదురుకాళ్ల వైద్యం

మా చెల్లెలు ప్రవీణకు ఎడమ పాదంలో స్పర్శ పోయిన రోజు నుంచీ మా ఇల్లు డాక్టర్లతో నిండిపోయింది. ఒక్కరికీ డిగ్రీ లేదు. అదే మా అదృష్టం!

ఆ సాయంత్రం ఆమె మొయినాబాద్‌లో బస్సు దిగి, ఒక్క చెప్పుతో ఇంటికి వచ్చింది. రెండోది ఎక్కడ జారిపోయిందో ఆమెకు తెలియదు. పాదానికీ తెలియదు.

ప్రవీణ నడుములో ఒక వెన్నుపూస పుట్టుకతోనే సగం ఏర్పడింది. ఇన్నేళ్లూ నొప్పి పెట్టి ఊరుకున్నది, ఇప్పుడు నరాన్ని నొక్కుతోంది. నరాన్ని విడిపించి, పూసలను స్క్రూలతో బిగించాలని సర్జన్ చెప్పారు. పాపం, ఎం.ఆర్.ఐ. ఫిలిం చూడనిదే ఆయనకు నోరు పెగలదు. మావాళ్లకు ఫిలిం ఎందుకు? గుమ్మంలో చెప్పులు విడిచేలోపే రోగం తేల్చేస్తారు!

"చేవెళ్ల రోడ్డు మీద ఆటోల తిప్పు సారూ. ఆ గుంతలకు పూస దానంతటదే సర్దుకుంటది," అన్నాడు ఎదురింటి జయరాజ్. రోడ్ల శాఖ ఇంత గొప్ప ఎముకల వార్డు నడుపుతోందని మీకెవరైనా చెప్పారా?

మాజీ వార్డు మెంబరు పాండు కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"నడుముకు కత్తి తాకితె మంచమే గతి సారూ. మా బామ్మర్దికి నేనే చెయ్యనియ్యలే."

"ఇప్పుడెట్లున్నడు?" అడిగాను.

"మంచంలనే ఉన్నడు. కానీ కత్తి అయితే తాకలే!"

ఇంతకన్నా రుజువు కావాలా?

చివరికి ఎంకపల్లి నుంచి బీరమ్మను పిలిపించారు. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తంతే నడుంపట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. బీరమ్మ అలా పుట్టింది. పుట్టుకతో వచ్చిన లోపానికి పుట్టుకతో వచ్చిన డిగ్రీ. ఎంత శాస్త్రీయం!

"జర బోర్ల పండుకో బిడ్డా," అని ఆమె ప్రవీణ నడుము మీద తన్నింది. తర్వాత ఎడమ కాలు గిల్లి చూసింది.

"నొస్తున్నదా?"

"లేదవ్వా. కాలున్నట్టే తెలుస్తలేదు."

"సూసిండ్రా! గుణం కనబడ్డది!"

అందరూ చప్పట్లు కొట్టారు. నేను తప్ప. బడిలో పిల్లలకు మానవ శరీరం పాఠం చెప్పేవాడిని కదా, నాకు తెలివి తక్కువ!

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. వచ్చినవాళ్లలో ఒక్కరికీ ప్రవీణ మీద కోపం లేదు. బీరమ్మ వెళ్లేముందు ఆమె తల నిమిరి ఏడ్చింది కూడా. శత్రువులైతే తలుపు వేసుకునేవాడిని.

ఆస్పత్రిలో చేరాల్సిన పొద్దున ప్రవీణ సర్దిన బ్యాగు విప్పేసింది.

"అన్నా, నువ్వొక్కనివే చేయించుకోమంటున్నవ్. ఊరంత ఒద్దంటున్నది. అంతమంది ఎట్ల తప్పయితరు?"

చేరే రోజు దాటిపోయాక, నిన్న సర్జన్ మళ్లీ ఫోన్ చేశారు. పోయిన స్పర్శ తిరిగొస్తుందని చెప్పలేనన్నారు. కుడి కాలినైనా కాపాడుకోవడానికి ఇంకా సమయం ఉందన్నారు.

ప్రవీణ ఆపరేషన్‌కు ఇంకా ఒప్పుకోలేదు.