నీరెండ సంఘం ప్రథమ మహాసభ

ఒక పెద్ద అడవిలో, పెద్దదని అందులో ఉన్నవాళ్లే చెప్పుకునేవారు లెండి, ఒక నల్లరాతి బండ ఉండేది. చలికాలం పొద్దున్నే ఎండ ముందుగా ఆ బండ మీదే పడేది.

తాబేలు తవిటయ్యకు ఆ ఎండే ప్రాణం. మాటవరసకు అనడం లేదు. ఒళ్లు చల్లబడితే అతని కాళ్లూ మెడా కొయ్యబారిపోయేవి. కాసేపు వెచ్చబడితేగానీ అడుగు పడదు, అడుగు పడితేగానీ మేత దొరకదు. అందుకని రోజూ సాయంత్రం ఒంట్లో వేడి ఉండగానే బండెక్కి కూర్చునేవాడు.

అతన్ని చూసి ముళ్లపంది మల్లమ్మ వచ్చింది. మల్లమ్మను చూసి కుందేలు సింహాచలం వచ్చాడు. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. వచ్చినవాళ్లు కూర్చునేవాళ్లు, ఒళ్లు వెచ్చబడ్డాక లేచిపోయేవాళ్లు. మల్లమ్మకు మాత్రం అందరూ కాస్త ఎడంగా కూర్చునేవాళ్లు. ఆవిడ పుట్టినప్పట్నుంచీ అలవాటైన సంగతే గనక ఏమీ అనుకునేది కాదు.

ఇంత హాయి ఎక్కడైనా ఎక్కువకాలం సాగుతుందా? ఇది కోదండరావు కంటపడింది.

కోదండరావు కొండముచ్చు. నలుగురు ఒకచోట కనబడితే చాలు, వీళ్లకు అధ్యక్షుడు లేడే అని బెంగపడే రకం. వాగులో కప్పలకు సంగీత సభ పెట్టించి వాటి గొంతులు పోగొట్టిన ఘనత ఆయనదే.

"ఇక్కడేం జరుగుతోంది?" అన్నాడు.

"ఎండలో కూకున్నాం బాబూ," అన్నాడు తవిటయ్య.

"అది తెలుస్తూనే ఉంది. ఎవరి ఆధ్వర్యంలో?"

తవిటయ్య మెడ చాచి తూర్పుకేసి చూశాడు. "అదిగో, ఆయన."

"సూర్యుడా? ఆయనకి సభ్యత్వం ఉందా?"

ఎవరికీ లేదని తేలింది. కోదండరావు అక్కడికక్కడే నీరెండ ప్రియుల సంఘం స్థాపించి, తానే అధ్యక్షుడై, ప్రథమ మహాసభ ప్రకటించాడు.

"మాకెందుకు నాయనా సంఘం?" అంది మల్లమ్మ.

"ఊరికే కూర్చుంటే బద్ధకం అంటారమ్మా. సంఘం పెట్టి కూర్చుంటే కార్యక్రమం అంటారు. ముఖ్య అతిథిగా దివాకరం గారు వస్తున్నారు."

దివాకరం గుడ్లగూబ. అడవిలో ఏ సభకైనా ఆయనే ముఖ్య అతిథి. ఎంతసేపైనా కళ్లు మూసుకుని కూర్చోగలడు గనక మేధావి అని పేరొచ్చింది.

"ఆయనకి ఎండ పడదు కదండీ," అన్నాడు సింహాచలం.

"అందుకేగా పందిరి వేయిస్తున్నాను."

"పందిరేస్తే ఎండ రాదు కదండీ!"

"పందిరి లేకుండా సభేమిటయ్యా? నలుగురూ నవ్విపోరూ?"

తవిటయ్య కంగారుగా అడ్డొచ్చాడు. "ఎండ నేకపోతే నాను కదల్నేను బాబూ."

"మీరు కదలనక్కర్లేదు. మీకు సన్మానం. శాలువా కప్పించుకుంటే చాలు."

మహాసభ రోజు బండ మీద టేకాకుల పందిరి లేచింది. ముఖ్య అతిథికి ఎక్కడ వెలుగు తగులుతుందోనని వరస మీద వరస కప్పారు. కింద చలి గడ్డకట్టేట్టుంది. దివాకరం తెల్లారకముందే వచ్చి పక్క చెట్టు మీద కూర్చున్నాడుగానీ, ముఖ్య అతిథి ఆలస్యంగా రావడం పద్ధతి గనక సభ వేడెక్కేదాకా దిగలేదు. ఆ వేడెక్కడం కూడా మాటవరసకే. అడవిలో అగ్గి వద్దని ఒక మిణుగురును బతిమాలి కూర్చోబెట్టి జ్యోతి ప్రజ్వలన కానిచ్చారు.

"ఎండ గురించి రెండే రెండు ముక్కలు చెప్పి విరమిస్తాను," అని మొదలుపెట్టాడు దివాకరం. "నేను ఎండను ఎన్నడూ చూసి ఎరగను. కాబట్టి దాని గురించి నిష్పక్షపాతంగా మాట్లాడగల అర్హత నాకొక్కడికే ఉంది."

ఆ రెండు ముక్కలూ ఎంతకీ తెగలేదు. సింహాచలం పళ్లు టకటకా కొట్టుకుంటుంటే కోదండరావు చప్పట్లనుకుని మురిసిపోయాడు.

చివరికి అరటాకు శాలువా తెచ్చి తవిటయ్యకు కప్పారు. "తవిటయ్య గారు ఇప్పుడు తమ స్పందన తెలియజేస్తారు."

స్పందన లేదు. తలా కాళ్లూ ఎప్పుడో డిప్పలోకి పోయాయి. తట్టి చూశారు. రాయిలా ఉన్నాడు.

"అయ్యో తవిటయ్యా! ఎంత పని చేశార్రా!" అని మల్లమ్మ గొల్లుమంది.

కోదండరావు ఏమాత్రం తొణకలేదు. "సన్మాన సభను సంతాప సభగా మారుస్తున్నాం. దీపం ఉంది, శాలువా ఉంది, వక్త ఉన్నారు. కొత్తగా తెచ్చేదేమీ లేదు."

తవిటయ్య పోయాడన్న తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. శవం పందిట్లో ఉంటే మైల అని దివాకరం గొణగడంతో బయటికి దొర్లించి గడ్డిలో పెట్టారు. మల్లమ్మా సింహాచలం చెరోపక్కా కూలబడ్డారు. దుఃఖం నిజమైనది గనక ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. అలా ఎంతసేపు కూర్చున్నారో తెలియదు. ఎండ మాత్రం తన పని తాను చేసుకుపోతోంది.

డిప్పలోంచి మెల్లిగా తల బయటికొచ్చింది.

"మీటింగయిపోనాదా?"

మల్లమ్మ ఒళ్లు మరిచి అమాంతం వాటేసుకుంది. తవిటయ్యకు డిప్ప ఉంది గనక ఏమీ కాలేదు. తన పక్కన ఇన్నాళ్లూ ఎడంగా కూర్చున్నవాడు వాటేసుకోవడానికి పనికొస్తాడని ఆవిడకు ఆ రోజే తెలిసింది. వదిలితే ఒట్టు.

కోదండరావు మొహం చిట్లించాడు. "ఇదేం బాగోలేదు. తీర్మానం అయిపోయింది. మిమ్మల్ని మళ్లీ బతికించాలంటే మహాసభ పెట్టాలి, పందిరి వెయ్యాలి, దివాకరం గారిని పిలవాలి..."

"ఒద్దు బాబూ, నీకు పుణ్నెముంటాది!" తవిటయ్య చేతులెత్తి దణ్ణం పెట్టాడు. "పోయాడన్నారు గదా, పోయినోణ్నే. అలాగే ఉంచీండి."

బండ మీద పందిరి ఈనాటికీ ఉంది. కింద సంఘం కార్యక్రమాలు నడుస్తూనే ఉన్నాయి. మల్లమ్మా సింహాచలం పొద్దున్నే అటుగా వెళ్తుంటే కోదండరావు ఎక్కడికని అడుగుతాడు. "తవిటయ్య గారికి నివాళండీ," అంటారు. నివాళికి అడ్డు చెప్పడం పద్ధతి కాదు గనక వదిలేస్తాడు. వాళ్లు గడ్డిలోకి పోయి ఎండలో కూర్చుంటారు. ఆ నివాళికి తవిటయ్య అందరికన్నా ముందొస్తాడు.

నీతి: నలుగురితో కలిసి హాయిగా బతకాలంటే ముందు సంఘం లెక్కలో చచ్చిపోవాలి.