రక్షిత గృహం నంబరు ఒకటి

చౌక అద్దె ఇళ్ళలో కాపురముంటున్న ఒక్క కుటుంబం సామాను కూడా వీధిన పడనివ్వనని డాక్టర్ షహీర్ బే పత్రికలవాళ్ళ ఎదుట ప్రమాణం చేశారు. చౌక అద్దె గృహ పరిరక్షణ హైలెవెల్ కమిటీకి ఆయనే అధ్యక్షులు. పరిరక్షణలో ఎంత తలమునకలై ఉన్నారంటే, పాపం, అలాంటి ఇల్లు ఎలా ఉంటుందో చూసే తీరిక ఆయనకు ఇంతవరకు దొరకలేదు. అందుకని కైరోలో, షుబ్రా పేటలోని ఒక నాలుగంతస్తుల మేడను ఎంపిక చేసి, గురువారం స్వయంగా దయచేస్తానని సెలవిచ్చారు.

ఆ మేడ పై అంతస్తులో ఇన్షిరాహ్ ఉంటోంది. భర్త పోయాక బట్టలు కుట్టి బతుకుతున్న మనిషి. కొత్త పెళ్ళికూతురిగా ఆ మెట్లు ఎగురుతూ ఎక్కింది, ఇప్పుడు మోకాళ్ళు పట్టుకుని ఎక్కుతోంది. పాత అద్దె కాబట్టి ఎలాగో నెట్టుకొస్తోంది. బే గారు 'రక్షిత గృహం' అని ముద్ర వేస్తే ఆ అద్దె అలాగే ఉంటుంది. వెయ్యకపోతే ఆవిణ్ణి ఖాళీ చేయించి కొత్త రేటుకు ఇచ్చుకోవడానికి యజమాని గౌదత్ కాచుకుని కూర్చున్నాడు.

కింద వాటాలో ఉండే ఫిక్రీ, ట్రాము నడిపి రిటైరైనవాడు, మెట్ల మీదే ఆవిణ్ణి ఆపాడు.

"అక్కా, ఉన్నదున్నట్టు చూపించు. కారే కప్పు, ఊడే పెచ్చులు, అన్నీ. బే గారి కళ్ళమ్మట నీళ్ళు రావాలి."

"సిగ్గులేదురా? ఇంటికొచ్చిన మనిషిని కారే కప్పు కింద కూర్చోబెడతానా? మా అమ్మ సమాధిలోంచి లేచొచ్చి తంతుంది."

"ఇవి పెళ్ళిచూపులు కావక్కా!"

"నోర్ముయ్. మీ ఆవిడ బంగారుపూత కుర్చీలు పైకి పంపు."

ఇక మేడ మేడంతా కదిలింది. ఫిక్రీ భార్య దుప్పట్లు కప్పి దాచుకున్న కుర్చీలు ముసుగులు తీశాయి. గోడ పగులు మీదికి మఖమల్ పరదా వచ్చింది. కప్పు కారే చోట పూలకుండీ వెలిసింది. రెండో అంతస్తువాళ్ళు పావురాల కడుపులో గోధుమరవ్వ కూరి వేయించారు. గౌదత్ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి సొంత ఖర్చుతో మెట్లకు సున్నం కొట్టించాడు. మేడ ఎంత మెరిస్తే కమిటీకి అంత జాలి తగ్గుతుందని అతని లెక్క.

గురువారం బే గారు ఫొటోగ్రాఫర్లతో సహా వేంచేసి బంగారు కుర్చీలో ఆసీనులయ్యారు.

"ఎలా ఉన్నావమ్మా? కష్టాలేమైనా ఉన్నాయా?"

"దేవుడి దయ బే గారూ, ఏ లోటూ లేదు."

"కప్పు కారుతుందా?"

"మీరు కాలు పెట్టారు, ఇల్లంతా వెలుగే వెలుగు!"

'కారదు. కరెంటు బాగుంది' అని సెక్రటరీ రాసుకున్నాడు. వెనక నుంచి ఫిక్రీ దగ్గిన దగ్గు ఎవరికీ పట్టలేదు.

మూడో పావురం పూర్తిచేసి బే గారు బాల్కనీలో నిలబడ్డారు. గాలి తగిలింది.

"ఎంత బాగుందమ్మా ఈ ఇల్లు!"

అక్కడ ఒక మర్యాద ఉంది. వచ్చినవాళ్ళు ఏదైనా బాగుందంటే "మీదే, తీసుకోండి" అనాలి. వాళ్ళు "అయ్యో, మీ దగ్గరుంటేనే దానికి అందం" అనాలి. ఆ ఊళ్ళో ఎవరి గడియారం వాళ్ళ చేతికే ఉందంటే ఆ రెండో మాట వల్లే.

"మీదే అనుకోండి బే గారూ," అంది ఇన్షిరాహ్.

"నిజంగానా?"

ఈ మాట మర్యాదలో లేదు. ఆవిడ తడబడింది. "నిజంగానే. తీసుకోండి."

"మా అబ్బాయికి పెళ్ళి కుదిరింది. ఇల్లు చూపిస్తేగాని పిల్లనివ్వమని వియ్యాలవారు కూర్చున్నారు."

"ఇంకేం! ఇది... అబ్బాయిదే." ప్రాణం పోతున్నా ఆ మాట వెనక్కి తీసుకోవడం ఎలాగో ఆవిడకు ఎవరూ నేర్పలేదు.

బే గారికి కన్నీళ్ళాగలేదు. "ఇంత ప్రేమగా ఇస్తుంటే కాదనలేనమ్మా," అన్నారు. ఫొటోలు తీశారు.

వాళ్ళు దిగిపోయాక ఇన్షిరాహ్ నేల మీద కూలబడింది. "మూడుసార్లు అన్నాను కదరా ఫిక్రీ! ఆయన ఒక్కసారైనా వద్దనాలి కదరా! నా ఇల్లు పోయిందిరా," అని గొల్లుమంది.

పెళ్ళి ఘనంగా జరిగింది. మేడ గుమ్మానికి 'రక్షిత గృహం నంబరు ఒకటి' అని ఇత్తడి పలక తగిలించి, ఫిక్రీ వాటా ముందరే బే గారి ఉపన్యాసానికి మైకు పెట్టారు. అప్పటికి ఇన్షిరాహ్ ఫిక్రీ వాళ్ళ ముందుగదిలో పడుకుంటోంది.

గౌదత్ చేతులు నలుపుకుంటూ వచ్చాడు. "బే గారూ, మరి అబ్బాయిగారి అద్దె... కొత్త రేటేగా?"

"విన్నారా!" బే గారు కెమెరాల వైపు తిరిగారు. "ఇలాంటి యజమానుల బారి నుంచే మేం కాపాడుతున్నది. పాత అద్దె ఒక్క పియాస్టరు పెరగదు!"

చప్పట్లు మోగాయి. గౌదత్ వెళ్ళి మెట్ల సున్నానికి ఆనుకుని కూర్చున్నాడు.

"అయ్యా, నా కుట్టుమిషను పైనే ఉండిపోయింది," అంది ఇన్షిరాహ్. "తెచ్చుకుంటాను."

"రక్షిత గృహంలోంచి ఏదీ కదపకూడదమ్మా. రూలు. నేనే రాశాను."

"మరి పెళ్ళైన నాటి నుంచీ నేనూ ఆ ఇంట్లోనే ఉన్నానుగా. నన్నెలా కదిపారు?"

బే గారు ఆవిడ వైపు మెచ్చుకోలుగా చూశారు.

"అద్భుతమైన ప్రశ్న! దీని మీద ఈ రోజే సబ్ కమిటీ వేస్తున్నాను. కమిటీ అన్నాక ఒక ఆఫీసు కావాలి, నిజమే..." చుట్టూ చూసిన ఆయన చూపు తెరిచి ఉన్న తలుపు దగ్గర ఆగింది. "ఏమయ్యా, నీ వాటా చల్లగా భలే బాగుందే!"

ఫిక్రీ అలవాటు కొద్దీ గుండె మీద చెయ్యి వేసుకుని, నవ్వుతూ నోరు తెరిచాడు.

ఇన్షిరాహ్ ఒక్క ఉదుటున వచ్చి, అంతమంది చూస్తుండగా, రెండు చేతులతో ఆ నోరు గట్టిగా మూసేసింది.