పుట్టింటి చక్రాలు

సోమవారం పొద్దున లోకనాథ్ పెట్టుకున్న పని చాలా చిన్నది. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు పోవాలి, కారు టైర్లలో గాలి చూపించుకోవాలి, అమ్మ రాసిచ్చిన చీటీలోని గాజులూ జాకెట్టు గుడ్డలూ తీసుకోవాలి, మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరాలి. గురువారం నాడు చెల్లెలు భార్గవిని తొలికాన్పుకు పుట్టింటికి తీసుకురావాలి. అంతే. అయితే చిన్న పనిని పెద్దది చేసుకోవడానికి కావలసిన ఓపిక లోకనాథ్‌కు పుట్టుకతోనే వచ్చింది.

అతను చెప్పులు వేసుకుంటుండగా పులివెందుల నుంచి చెల్లెలి అత్త వనజమ్మ ఫోను చేసింది. లోకనాథ్ తల్లి లక్ష్మీదేవమ్మ ఫోను చెవికి దూరంగా పట్టుకుని మాట్లాడుతుంది కాబట్టి ఇంట్లో అందరికీ వినపడింది.

"వదినా, కోడల్ని పంపనని అనడంల్యా. డాక్టరమ్మ అదుర్లు తగలగూడదనింది. మా తోట దావ ఎట్లుంటాదో మీకు తెలుసు గదా. అందుకే మీ బండిలో ముందు నేను కూచుంటా. ఒళ్ళో చెంబు నిండా మజ్జిగ పెట్టుకుంటా. మా ఇంటికాడ నుంచి తారు రోడ్డు దాకా పోయి రావల్ల. చుక్క కింద పడకుంటే పిల్లను ఎక్కిచ్చుకోని పోండి. పడిందా, కాన్పు ఈడనే."

ఫోను పెట్టేశాక లక్ష్మీదేవమ్మ మంచం మీద కూలబడింది. కూతురి కోసం గదికి సున్నం కొట్టించింది. అటక మీది ఊయల దించి కడిగి ఎండబెట్టింది. పవన్‌కు, అంటే అల్లుడికి, సరిగ్గా ఇలాంటి బండే ఉంది. కానీ అత్తింటి బండిలో వచ్చి దిగితే అది తీసుకురావడం కాదు, పంపించేయడం అవుతుందని రెండిళ్లలోనూ పట్టింపు. పుట్టింటి బండే పోవాలి, ఆ బండే చెంబు పరీక్షకు నిలబడాలి.

"నేనుండా గదమ్మా," అన్నాడు లోకనాథ్. ఆ మాట అన్నప్పుడల్లా అతని భార్య సునీతకు కొంచెం భయం వేస్తుంది.

అరుగు మీద నుంచి తండ్రి సంజీవయ్య గొంతు సవరించుకున్నాడు. "మన ఎద్దులబండి చక్రం నా రొమ్ముకాడికి వచ్చేది. గుంతలో దిగి ఎక్కింది కూడా తెలిసేది కాదు. నీ బండివి చూడు, జొన్నరొట్టెలంత ఉండాయి. చక్రం పెద్దదైతే గుంత చిన్నదైతాది."

ఈ లెక్క లోకనాథ్‌కు తలకెక్కింది.

"ఉండేవి బాగానే ఉండాయి గదా మామా," అంది సునీత. "గాలి చూపిచ్చుకోని వస్తే సాలు."

ఆమె మాట గడప దాటేలోపే బండి వీధి మలుపు తిరిగిపోయింది.

ప్రొద్దుటూరులో అబ్దుల్ సలాం టైర్ల కొట్టు ముందు నాలుగు పెద్ద చక్రాలు గోడకు ఆనించి ఉన్నాయి. తళతళలాడే రిమ్ములు, వాటి చుట్టూ పలుచగా నల్లని రబ్బరు. లోకనాథ్ ఆ రిమ్ముల్లో తన మొహం చూసుకున్నాడు. మొహం కూడా బాగా కనపడింది.

"వద్దప్పా," అన్నాడు సలాం, అడక్కముందే. "ఇవి బైపాసు రోడ్లకు. గుంతల దావకు చిన్న రిమ్మే మేలు. టైరు బయటి ఎత్తు ఏం పెరగదు. లోపల రిమ్ము పెరిగి, రబ్బరు తగ్గుతాది. గుంతలో పడితే దెబ్బ మింగేది రబ్బరు. అదే లేకపోతే దెబ్బ యాడికి పోతాది? నీ నడుముకే."

"మా ఎద్దులబండి చక్రం ఎంతుండేదో తెలుసా?"

"ఎద్దులబండి అరవైలో పోతుండెనా?"

లోకనాథ్ ఈ ప్రశ్నను పట్టించుకోలేదు. "ఇవి ఎవరివి?"

"పులివెందుల పక్క ఒకాయనవి. నాలుగు నెల్లు తిప్పి, నడుం పట్టుకోని వచ్చినాడు. ఈడ దించేసి, నా పాత చక్రాలు ఏవో తగిలిచ్చుకోని పోయినాడు. నీవి మాదిరి చిన్నవి వస్తే ఫోన్ చెయ్యమన్నాడు."

"ఎవడో తెలివిలేనోడు," అన్నాడు లోకనాథ్ జాలిగా.

అమ్మేవాడే వద్దంటున్నాడంటే వాటిని ఎవరికోసమో దాచిపెడుతున్నాడన్నమాట. అలా అనుకున్నాక ఇంక వాటిని వదిలి పోవడం లోకనాథ్ వల్ల కాలేదు. సలాం నిట్టూర్చి జాకీ తెచ్చాడు. విప్పిన చిన్న చక్రాల మీద ఒక్కోదానికి మూడేసి పసుపు బొట్లు ఉన్నాయి. పూజ నాడు పెట్టిన పసుపు వానకు కారిపోతోందని లక్ష్మీదేవమ్మ, తలుపులకు వేయగా మిగిలిన పసుపురంగు పెయింటుతోనే బొట్లు పెట్టేసింది. అవి జన్మకు పోవు.

"గీకేయమంటావా?"

"ఉండనీ. కొన్నోడికి మంచే జరుగుతాది," అన్నాడు లోకనాథ్ ఉదారంగా.

సాయంత్రం ఇంటికొచ్చాక వీధివాళ్లు నలుగురూ చక్రాల చుట్టూ తిరిగి మెచ్చుకున్నారు. సునీత మాత్రం గాజులేవని అడిగింది. లోకనాథ్ గాజులు మర్చిపోయాడు, జాకెట్టు గుడ్డలు మర్చిపోయాడు, ఆ మాటకొస్తే గాలి కూడా చూపించలేదు. గాజుల కోసం మంగళవారం బస్సులో పోయివచ్చాడు. బండి తీసుకుపోతే చక్రాలకు మట్టి అంటుతుందట.

గురువారం ఉదయం ఏడింటికి నలుగురూ బయల్దేరారు. మధ్యాహ్నం ఒకటిన్నరకు రాహుకాలం వస్తుంది. ఆలోపే భార్గవి అత్తింటి గడప దాటాలి. ముద్దనూరు దాకా అంతా బాగానే ఉంది. ముద్దనూరు దాటగానే సిమెంటు లారీలు తవ్విపెట్టిన గుంత ఒకటి వచ్చింది. చక్రం పెద్దదైతే గుంత చిన్నదవుతుంది కదా అని లోకనాథ్ వేగం తగ్గించలేదు. ధన్‌మని మోత వచ్చింది. సంజీవయ్య నెత్తికి ఉన్న తువ్వాలు వెనక సీట్లో ఉన్న లక్ష్మీదేవమ్మ ఒళ్ళో పడింది.

దిగి చూస్తే ముందు రిమ్ము అంచు కొద్దిగా లోపలికి వంగింది. అక్కడే ఉన్న పంక్చరు కొట్టాయన రబ్బరు నొక్కి చూశాడు.

"పలచన గదప్పా. గాలి గట్టిగా పట్టిచ్చుకో, రిమ్ముకు దెబ్బ తగలదు."

ముప్పై రెండు ఉండాల్సిన గాలి నలభై అయిదయింది. రిమ్ముకు దెబ్బ తగలడం తగ్గింది కానీ, అక్కడి నుంచి రోడ్డు మీది ప్రతి రాయీ నలుగురి వెన్నుపూసలకూ విడివిడిగా తెలిసింది.

"బరువు సాలక ఎగురుతాంది," అన్నాడు సంజీవయ్య. "ఖాళీ బండి ఎప్పుడూ ఎగురుతాది. రెండు మూటలు ఎయ్యి."

దారిలో తెలిసినవాళ్ల కళ్లంలో రెండు శనక్కాయ మూటలు వేసుకున్నారు. ఇప్పుడు బండి ఎగరడం మానలేదు, పైగా ఎగిరినప్పుడల్లా మూటలతో సహా వచ్చి పడుతోంది. వనజమ్మ కూర్చోబోయే ముందు సీటు మెత్తగా ఉంటుందని లక్ష్మీదేవమ్మ కూతురి కోసం కుట్టిన బొంతను నాలుగు మడతలు వేసి పరిచింది.

"ఇంతకంటే గాలి తగ్గిచ్చరాదా?" అంది సునీత.

"నీకేం తెలుసు?" అన్నారు తండ్రీ కొడుకులు ఒకేసారి.

పులివెందుల దాటి వేంపల్లె దారిలో తారు రోడ్డు దిగితే నారాయణ చీనీతోట. బత్తాయి చెట్ల మధ్యలో ఇల్లు. నారాయణ అంటే వనజమ్మ భర్త. రోజుకు ఒక్క మాట మాట్లాడతాడని పేరు. వీళ్లు దిగేసరికి పదకొండు దాటింది. నడుములు పట్టుకుని దిగిన నలుగురినీ చూసి ఆయన కుర్చీలు చూపించాడు. భార్గవి నిండుగా, నెమ్మదిగా నడిచి వచ్చి అమ్మ భుజం మీద తల పెట్టుకుంది. ఆమె చేతిసంచి అప్పటికే సర్దుకుని గుమ్మం పక్కన ఉంది.

కాఫీలయ్యాక వనజమ్మ ఇత్తడి చెంబు తెచ్చింది. పరీక్ష అయ్యాక తాగవచ్చని మజ్జిగలో కొత్తిమీర, కరివేపాకు కూడా వేసింది. బొంత మీద కూర్చుని, చెంబు ఒళ్ళో పెట్టుకుని, "పదప్పా" అంది.

మొదటి యాభై గజాలు లోకనాథ్ ఊపిరి కూడా పీల్చలేదు. మొదటి రాయికి మజ్జిగ అంచు దాకా వచ్చి వెనక్కి పోయింది. రెండో రాయికి వనజమ్మ చెంబు మీద అరచేయి పెట్టబోయి, అది న్యాయం కాదని తీసేసింది. కాలువ మీది మోరీ దగ్గర ముందు చక్రాలు ఎక్కి దిగాయి, వెనక చక్రాలు ఎక్కి ఎగిరాయి. బొంత వనజమ్మను ఎగరేసింది. చల్లటి మజ్జిగ లోకనాథ్ మెడ మీద పడి చొక్కాలో నుంచి నడుం దాకా పోయింది. కరివేపాకు రెబ్బ ఒకటి ముందు అద్దానికి అతుక్కుంది.

"ఆపప్పా," అంది వనజమ్మ. చెంబులోకి తొంగి చూసింది. "కొత్తిమీర మిగిలింది."

ఆమె కోప్పడి ఉంటే బాగుండేది. చీర దులుపుకుని ఇంటి దాకా నడిచే వచ్చింది. గుమ్మంలో తడిసిన చీర చూడగానే లక్ష్మీదేవమ్మకు సంగతి అర్థమై కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. భార్గవి, "అన్నా, నీ బండి ఇంతకుముందు మెత్తగానే ఉండె గదా?" అంది. తళతళలాడే ఇనుము కోసం అమ్మ సున్నం కొట్టించిన గదిని పోగొట్టానే అని లోకనాథ్‌కు నిజంగా ఏడుపొచ్చింది. సంజీవయ్య చీనీచెట్ల వైపు తిరిగి కాయలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

అప్పుడు టౌనుకు పోయిన పవన్ తన బండిలో వచ్చి దిగాడు. బావను పలకరించబోయి, బావ బండిని చూసి ఆగిపోయాడు. చుట్టూ తిరిగాడు. వంగి ఒక చక్రాన్ని తడిమాడు.

"బావా, ఈ గీత మా గేటుకు తగిలిన గీత! ఇవి నా చక్రాలు. నడుం ఇరిగేట్టుందని పోయిన వారమే ప్రొద్దుటూరులో సలాం కాడ దించేస్తి గదా. మళ్లీ మా ఇంటికే ఎందుకు తెచ్చినావప్పా?"

లోకనాథ్‌కు సలాం కొట్టు ముందు తాను అన్న మాట గుర్తొచ్చింది. అతను ఏదో అనబోయేలోపు వెనక నుంచి లక్ష్మీదేవమ్మ కేక వినపడింది. కొంగుతో కళ్లు తుడుచుకుని ఆమె పవన్ బండి ముందు వంగి నిలబడింది.

"ఇవి నా బొట్లు! నా చేత్తో పెట్టిన బొట్లు!"

"మంగళవారం తగిలిచ్చినాడత్తా సలాం," అన్నాడు పవన్. "ఎవరో శానా భక్తి గలోళ్లవి అనుకుంటి."

అప్పుడు నారాయణ కుర్చీలోంచి లేచాడు.

"వనజా, ఇంకో చెంబు మజ్జిగ కలుపు."

వనజమ్మ ధైర్యంగానే కలిపింది. కొడుకు బండి సంగతి ఆమెకు తెలియనిదా? నాలుగు నెలలుగా ఆ బండి ఎక్కి దిగినప్పుడల్లా నడుముకు జండూబామ్ రాసుకుంటోంది. చక్రాలు మార్చాక మాత్రం ఇంకా ఎక్కలేదు. చెంబుతో ఆమె ఎక్కగానే పవన్ బండి తోట దారిలో మలుపు తిరిగి కనపడకుండా పోయింది. లోకనాథ్ తడి చొక్కాతో గేటు దగ్గర నిలబడి, మనిషన్నవాడు ఇంకొకడి బండి కోసం అంతగా మొక్కుకోవడం ఉంటుందా అన్నంతగా మొక్కుకున్నాడు.

బండి తిరిగి వచ్చింది. వనజమ్మ దిగింది. చెంబు అంచు దాకా నిండుగా ఉంది. కరివేపాకు వేసినచోటే తేలుతోంది. ఆమె ఆ చెంబు వైపు చాలాసేపు చూసింది.

"ఐనా అత్తింటి బండిలో పోతే ఏం బాగుంటాది వదినా? పంపిచ్చేసినట్టుండదూ?"

"బండి మీదైతే ఏం వదినా," అంది లక్ష్మీదేవమ్మ. ఆమె గొంతులో బలం వచ్చింది. "రోడ్డు మీద నడిచేది చక్రాలు గదా. అవి మా ఇంటివి. పిల్లను తెమ్మని బొట్లు పెట్టి పంపిచ్చినట్టు ముందే వచ్చి కూచున్యాయి."

వనజమ్మ చెంబు అరుగు మీద పెట్టి, కోడలి చేయి పట్టుకుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అది పోతే ఈ తోటలో నాతో పలికేదెవరు? మీ అన్న రోజుకు ఒక మాట మాట్లాడతాడు. ఈ పొద్దుటి మాట ఇప్పుడే అయిపాయ."

చెంబు పరీక్ష ఎందుకు పుట్టిందో అప్పుడు అందరికీ తెలిసింది. భార్గవి అత్తను గట్టిగా పట్టుకుంది. లక్ష్మీదేవమ్మ కూడా కొంగు తీసింది, ఈసారి వియ్యపురాలి కళ్లు తుడవడానికి.

"అయితే నువ్వూ రా వదినా. సున్నం కొట్టిన గది శానా పెద్దది."

ఒంటిగంటకు పవన్ బండి కదిలింది. అందులో భార్గవి, ఇద్దరు వియ్యపురాళ్లు, సునీత, నిండు చెంబు. జమ్మలమడుగు దాకా ఒలకకుండా చూస్తానని వనజమ్మ దాన్ని వదల్లేదు. ముద్దనూరులో దాహమేసి అందరూ తాగేశారు. వెనకాల దుమ్ములో లోకనాథ్ బండి వచ్చింది. అందులో తండ్రీ కొడుకులూ రెండు శనక్కాయ మూటలూ ఎగురుతూ పడుతూ ఇల్లు చేరారు. నాలుగు రోజులకని వచ్చిన వనజమ్మ బారసాల అయ్యాకే పోతానని రెండో రోజే చెప్పేసింది. ఇంట్లో మజ్జిగ వాడకం పెరిగింది.

శనివారం లోకనాథ్ ప్రొద్దుటూరులో పెద్ద చక్రాలు దించేసి, సలాం వెతికి ఉంచిన చిన్నవి తగిలించుకున్నాడు. గాలి కూడా చూపించుకున్నాడు. ఇంతలో ఎవరో ఒకాయన కొట్టు ముందు ఆగి, గోడకు ఆనించిన తళతళలాడే రిమ్ముల్లో మొహం చూసుకున్నాడు.

"ఇట్లాంటివి ఎవురు అమ్ముకున్యారు భాయ్?"

"జమ్మలమడుగు పక్క ఒకాయన," అన్నాడు సలాం, లోకనాథ్ వైపు చూడకుండా.

"ఎవడో తెలివిలేనోడు," అన్నాడు ఆయన.

లోకనాథ్ కాదనలేదు.