పిండిమర పొదుపు లెక్క

పనేమీ చేయకుండా రేయింబవళ్లు వెలుగుతూ ఉండే కంప్యూటరు తాగే కరెంటు వినియోగం కిందికి వస్తుందా, వృథా కిందికి వస్తుందా? నాగరికత ఈ ప్రశ్నకు ఇంతవరకు జవాబు చెప్పలేదు. డేటా కేంద్రం మాత్రం జవాబు కోసం ఆగకుండా సర్క్యులర్ జారీ చేసింది.

దాని ప్రకారం పొదుపు అంటే ఒక భాగహారం. భవనం మొత్తం వాడిన కరెంటును అందులో కంప్యూటర్లు వాడిన కరెంటుతో భాగించాలి. వచ్చిన అంకె ఒకటికి ఎంత దగ్గరైతే కేంద్రం అంత పొదుపరి. (కంప్యూటర్లు ఆ కరెంటుతో ఏం చేశాయన్నది సర్క్యులర్ పరిధిలోకి రాదు.)

కేంద్రంలో విద్యుత్ విభాగం చూసే ఇంజనీరమ్మకు ఈ భాగహారం కంటే పెద్ద చిక్కు ఇంటివైపు ఉంది. వెనక వీధిలో ఆమె అత్తగారు పిండిమర నడుపుతారు. వీధికీ కేంద్రానికీ కరెంటు ఒకే సబ్‌స్టేషన్ నుంచి వస్తుంది. కేంద్రం గుక్క తిప్పుకోకుండా తాగేస్తుంటే మర మూలిగి మూలిగి ఆగిపోయేది.

“అమ్మాయ్, ఇవాళ కూడా గోధుమలు తెచ్చినవాళ్లు గోధుమలే పట్టుకుపోయారు. ఇంకో నెల ఇట్లాగే ఉంటే మర అమ్మేసి వచ్చి మీ నెత్తిన కూర్చుంటా, చూసుకో!” అని అత్తగారు ఫోనులో హెచ్చరించారు.

హెచ్చరికలోని రెండో భాగం ఇంజనీరమ్మను కదిలించింది. వెతికి చూస్తే, నూటికి నలభై కంప్యూటర్లు సొంతదారులు వదిలేసి పోయినవి, పనిలేక వేడెక్కుతున్నాయి. వాటిని ఆపించింది. చల్లబరిచే యంత్రాలూ కాస్త నెమ్మదించాయి. నూట యాభై పాళ్లు (అందులో కంప్యూటర్లవి నూరు) తాగే భవనం నూరు పాళ్లకు (కంప్యూటర్లవి అరవైకి) దిగింది. వెనక వీధిలో మర తిరిగింది.

మర్నాడే దశాంశం గారు పిలిపించారు. (హోదా, పొదుపు నిష్పత్తి ప్రధానాధికారి. సిబ్బంది పెట్టిన పేరే క్లుప్తంగా ఉంది.)

“ఏంటమ్మా ఈ దుబారా? నిన్నటిదాకా ఒకటిన్నర. ఇవాళ ఒకటీ పాయింట్ ఆరు ఏడు!”

“మూడో వంతు కరెంటు మిగిల్చాం కదండీ.”

“మిగిలింది ఏ గడిలో వేయమంటారు? మిగిలినదానికి గడి లేదు.”

“ఆ నలభై ఊరికే తిరుగుతున్నాయండీ.”

“ఊరికే తిరిగేవాళ్లు లేకపోతే ఏ ఆఫీసైనా నిలబడుతుందా?” అన్నారాయన, ఆత్మీయంగా.

ఆపినవన్నీ వెలిగించారు, ముందుజాగ్రత్తగా మరో నలభై ఖాళీ కంప్యూటర్లు తెచ్చి తగిలించారు. కంప్యూటర్లు నూట నలభై పాళ్లు, భవనం మొత్తం నూట తొంభై ఆరు పాళ్లు తాగాయి. నిష్పత్తి ఒకటీ పాయింట్ నాలుగుకు దిగింది. దశాంశం గారికి పొదుపు పతకం, ఇంజనీరమ్మకు దుబారా మెమో ఒకే వేదిక మీద అందజేశారు.

ఇంత చక్కని సూత్రాన్ని ఒక్క భవనానికే పరిమితం చేయడం అన్యాయమని భావించి, విద్యుత్ సరఫరా సంఘం దాన్ని వీధులకూ వర్తింపజేసింది. పిండిమరలో కంప్యూటర్లు సున్నా. సున్నాతో భాగించలేక, ‘అనంత వృథా’ అని రాసి లైను పీకేశారు.

“పిండి వస్తోంది కదే!” అన్నారు అత్తగారు, సంచితో సహా కోడలి గుమ్మంలో నిలబడి.

“పిండి లెక్కలోకి రాదత్తయ్యా. ఓ కంప్యూటరు కొని మరలో పెట్టండి, లైను ఇస్తారు.”

“పెడితే మర ఆడించుకోనిస్తారా?”

“మర ఆడితే అంకె చెడుతుంది. మర ఆపేసి కంప్యూటరొక్కటే తిప్పితే సరిగ్గా ఒకటి వస్తుంది. పతకం మీకే.”

అత్తగారు పతకం తీసుకున్నారు. కోడలి ఇంట్లో ముందుగది కూడా తీసుకున్నారు.

చదువరులకు మనవి: మీ నెత్తిమీద వెలుగుతున్న దీపం కంప్యూటరు కాదు. ఇంతవరకు చదివారు, చాలు. లేచి దాన్ని ఆపండి. ఖాళీ యంత్రాలకు కరెంటు చాలడం లేదు.