ఈతవనాల మీదుగా తాండూరుకు

1955 ఫిబ్రవరిలో ఒక సోమవారం ఉదయం వికారాబాదులో కాంపౌండరు మత్తయ్య, బడిపంతులు పాండురంగం సైకిళ్లకు గాలి కొట్టుకుని తాండూరుకు బయలుదేరారు. రైలెక్కితే గంటలో దిగే ఊరికి వాళ్లు మూడు రోజులు పెట్టుకున్నారు. దారి పొడుగునా ఈతవనాలు. వనానికొకచోట డేరా వేసుకుని, తెల్లవారుతూనే చెట్టు దిగిన కల్లు రుచి చూసి, తీరుబడిగా ముందుకు పోవాలన్నది పథకం.

మత్తయ్యది ఏడేళ్ల కరువు. అతని మామ తాండూరులో పాదిరి. కల్లు ముట్టనని ఒట్టు వేయించుకుని గానీ కూతురు మార్తను ఇవ్వలేదు. గాలి మార్పుకని భార్యకు చెప్పి వచ్చిన మత్తయ్యకు ఇప్పుడు ఒక్క ముంత చాలు. ఆ ఒక్క ముంత కోసం ఖాకీ నిక్కరు కుట్టించాడు, సైన్యంవాళ్లు వేలం వేసిన డేరా కొన్నాడు, ఏ చెట్టు కల్లు ఎలా ఉందో రాసుకోవడానికి నోటుబుక్కు కూడా పెట్టుకున్నాడు. పెళ్లికి కూడా అతను ఇంత ఏర్పాటు చేసుకోలేదు.

ధారూరు దాటాక మొదటి మకాం. మర్నాడు పొద్దున్నే మత్తయ్య వనంలో తిరుగుతూ కల్లు పట్టే లొట్టికుండ కట్టిన చెట్ల నంబర్లు రాసుకోసాగాడు. ఆ రోజుల్లో సర్కారు నంబరు లేని చెట్టును గీస్తే ఆబ్కారీవాళ్లు పట్టుకునేవారు. వాళ్లు కూడా ఖాకీ నిక్కర్లతో, సైకిళ్ల మీద వచ్చి, డేరా వేసుకుని, పొద్దున్నే నంబర్లు రాసుకునేవారు. ఈ సంగతి తెలిసి కూడా మనవాళ్లిద్దరికీ తట్టలేదు.

నంబరు లేని చెట్టు మీద కల్లు గీస్తున్న ఎల్లప్పకు తట్టింది. దిగీ దిగగానే లొట్టెడు కల్లు మత్తయ్య కాళ్ల ముందే పారబోశాడు.

"ఏందయ్యా, గట్ల పారబోస్తివి? జర ఒక్క ముంత పొయ్యరాదు" అన్నాడు మత్తయ్య ఏడుపు గొంతుతో.

"కల్లెక్కడిది సారూ? నాకసలు గీసుడే రాదు" అన్నాడు ఎల్లప్ప, నడుముకు మోకు, చేతిలో గీత కత్తి ఉండగానే.

బతిమాలినకొద్దీ అతను మరింత భయపడి చెంబెడు పాలు తెచ్చిచ్చాడు. ఈలోగా అతని తమ్ముడు అడ్డదారిన పై ఊళ్లకు కబురు మోశాడు. ఇంక చూడాలి. వీళ్లు వెళ్లేసరికి ప్రతి వనంలోనూ నేల తడిగా ఉంది, ప్రతి కల్లు దుకాణానికీ తాళం ఉంది. జనం మాత్రం కోడిని కోసి పెట్టారు. మేం ఆబ్కారీవాళ్లం కాదు, తాగడానికే వచ్చామని పాండురంగం నిజం చెప్పి చూశాడు. అంత తెలివిగల అధికారిని వాళ్లెప్పుడూ చూడలేదు.

మూడో రోజు పెద్దేముల్‌లో భాగమ్మ అనే ఆవిడ మత్తయ్యను గుర్తుపట్టింది. "ఆబ్కారోడు కాదు గీ సారు. దవాఖానల నా బిడ్డకు మందు పోసిండు. తాండూరు పాదిరయ్య అల్లుడు" అంది. మత్తయ్య ప్రాణం లేచొచ్చింది. ముంత చేతికి వచ్చినట్టే అనుకున్నాడు.

"గందుకే కల్లు బందు పెట్టిచ్చిండు" అంది భాగమ్మ. "మా ఆయన సోయిల ఉండి ఇంటికొచ్చుడు, పెండ్లయినంక నిన్ననే సూసిన."

ఆడవాళ్లంతా మత్తయ్యకు బంతిపూల దండ వేసి, తాండూరు దాకా వెంట నడిచారు. మామ కన్నీళ్లతో కౌగిలించుకున్నాడు. మార్తకు కబురు పంపి రైల్లో రప్పించాడు. చర్చిలో అందరి ముందూ నిలబెట్టి అల్లుడి చేత మళ్లీ ఒట్టు వేయించాడు. పాండురంగాన్ని ఎవరూ ఒట్టు అడగలేదు. అతను స్టేషను పక్క దుకాణంలో రెండు సీసాలు తాగి వచ్చి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

"గాలి మార్పంటే నేను నమ్మలే. తాగనీకే పోతున్నవనుకున్న. తప్పయింది" అంది మార్త, దండ సరిచేస్తూ. ఏడేళ్లలో ఆమె అతన్ని అంత ప్రేమగా చూడలేదు. మత్తయ్యకు నిజం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

ఆ సాయంత్రమే మామ కల్లు మాన్పే సంఘం ఒకటి పెట్టి, మత్తయ్యను అధ్యక్షుణ్ణి చేశాడు. సభ్యులు ఇంకా చేరవలసి ఉంది.