శేషుడి మంచం

గురువైనవాడికి దక్కే అదృష్టాలలో పెద్దది ఏమిటో తెలుసా? దగ్గరి శిష్యులు ఒక్కొక్కరే వదిలిపెట్టి పోవడం!

నవ్వకండి. ఆలోచించి అంటున్న మాట ఇది. శిష్యుడు పోతే గురువులో ఏదో లోపం ఉందని లోకులు గుసగుసలు పోతారు. లోకులు పలుగాకులని పెద్దలు ఊరికే అన్నారా? తిరుమల కొండ రోజూ ఎంతమంది ఎక్కడం లేదు? ఎక్కినవాళ్ళంతా మళ్ళీ దిగడం లేదా? దిగేవాళ్ళను చూసి, “పాపం, ఆ దేవుడిలో ఏదో లోటుంది కాబోలు, ఒక్కడూ నిలవడం లేదు” అని ఎవరైనా అన్నారా? ఎక్కినవాళ్ళంతా అక్కడే కూర్చుంటే మీకూ నాకూ కాలు మోపే చోటుంటుందా?

ఇంకో సంగతి. కొండమీద తలనీలాలు ఇస్తాం. పోయేది వెంట్రుకలు. తల ఎక్కడికీ పోదు. పైగా నున్నగా మెరుస్తుంది, గాలి తగులుతుంది, బరువు తగ్గుతుంది. శిష్యులు రాలిపోయిన గురువూ అంతే.

ఈ వాదన నా సొంతం కాదు. తిరుపతిలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పే వెంకటమునిది. ఏర్పేడు దగ్గర పల్లెలో వేరుశనగ పండించిన గురప్ప కొడుకు ఆయన. ఉత్తరం ముక్క వస్తే చదివిపెట్టమని కరణం గుమ్మం ముందు నిలబడే వంశంలో మొట్టమొదటి బి.ఏ. పెద్దలు చెప్పిన మాటకు ఎదురు చెప్పడం ఆయనకు చేతకాదు. బడిలో అయ్యవారిని నమ్మాడు, బి.ఏ. వచ్చింది. స్థిరానందస్వామివారిని నమ్మితే మోక్షం వస్తుందనుకున్నాడు. లెక్క ప్రకారం ఇందులో తప్పేముంది?

స్వామివారు తిరుచానూరు దారిలో, బట్టల వ్యాపారి చెంగయ్య సత్రంలో ఉండేవారు. పొద్దున ఉపదేశం, మధ్యాహ్నం భోజనం, ఆపైన యోగనిద్ర. యోగనిద్రకూ మామూలు నిద్రకూ తేడా ఏమిటంటారా? మామూలు నిద్రలో ఉన్నవాణ్ణి లేపవచ్చు.

ఉపదేశం వేళ ముందు వరుసలో ముగ్గురు కూర్చునేవారు: వకీలు జయరామ్, భజన పాడే నాగరత్నమ్మ, సత్రం యజమాని చెంగయ్య. వెంకటముని చోటు వెనకాల, చెప్పులు విడిచే దగ్గర. అక్కడికి స్వామివారి మాట సగమే వినబడేది. వినబడని సగం ఎంత గొప్పదో అనుకుంటూ ఆయన కళ్ళు మూసుకునేవాడు. గట్టి భక్తికి అంతకన్నా మంచి చోటు లేదు.

మొదట పోయినవాడు వకీలు. ఉగాదికి యుద్ధం ముగుస్తుందని స్వామివారు సెలవిచ్చి ఉన్నారు. ఉగాది వచ్చింది, పచ్చడి తిన్నాం. యుద్ధం ముగియలేదు సరికదా, విశాఖపట్నం మీద బాంబులు పడ్డాయి. జయరామ్ లేచి, కోర్టులో సాక్షిని అడిగినట్టు అడిగాడు.

“ఉగాదికి ముగుస్తుందన్నారు కదా స్వామీ?”

“అన్నాను నాయనా. ఏ ఉగాది అని అన్నానా?”

మరునాటినుంచి జయరామ్ కనబడలేదు. “పోయేవాళ్ళని పోనీ. దగ్గరివాళ్ళు పోతేనే నమ్మకం గట్టిపడేది” అన్నారు స్వామివారు. చెప్పుల దగ్గరికి ఆ మాటలో సగం చేరింది. అదే చాలునని వెంకటముని ఒక వరుస ముందుకు జరిగాడు. వకీలుకు సందేహమే కూడు, నిజం దొరికితే ఏం తిని బతుకుతాడు, అని సహోపాధ్యాయులకు నచ్చజెప్పాడు కూడా. చూశారా, ఒకరు పోతే ఇంకొకరికి ప్రమోషన్! సర్కారు ఆఫీసులో ఇంత త్వరగా ఖాళీలు వస్తాయా?

తరువాత నాగరత్నమ్మ. స్వామివారు యోగనిద్రలో ఉన్నంతసేపూ ఆమె పాడాలి. ఆపితే కనుబొమలు ముడిపడేవి. ఒకనాడు చరణం మధ్యలో చిడతలు కింద పెట్టి లేచిపోయింది. స్వామివారు మళ్ళీ అదే మాట అన్నారు. వెంకటముని ఇంకొంచెం ముందుకు జరిగాడు. గొంతు మంచిదైతే గర్వం తప్పదని తీర్పు చెప్పాడు. అయినా ధర్మం తెలిసినవాడు కనుక, తిరుచానూరు గుడిముందు పూలు బేరం చేస్తున్న ఆమెను పలకరించాడు.

“స్వామివారిని ఇట్ల వదిలేస్తే ఎట్లమ్మా?”

“ఏమబ్బయ్యా, ఎందుకు వదిలిందీ అని ఒక్కరన్నా అడిగినారా నన్ను?”

వెంకటముని అడగలేదు. అడగాలని తోచనే లేదు.

“దేవుడు వింటాడని పాడేదాన్ని నేను. ఆయప్ప గురకకు శ్రుతి పెట్టేదానికి నేనే దొరికినానా?” అని మూర మల్లెలు ఆయన చేతిలో పెట్టింది. “శకుంతలకు ఇయ్యి. ఆ బిడ్డ తల్లో పువ్వు సూసి ఎన్నాళ్ళయిందో.”

శకుంతలమ్మ వెంకటముని భార్య. మల్లెలు తీసుకుంది. ఎవరు ఇచ్చారని అడిగితే పేరు చెప్పాడు. ఎందుకు ఇచ్చారో ఆయన చెప్పలేదు.

మూడో ఆయన చెంగయ్య. జపానువాడు వస్తాడన్న భయంతో మదరాసు సగం ఖాళీ అయి, రైళ్ళు కిక్కిరిసి ఇటువైపు వస్తున్న రోజులవి. పిల్లాజెల్లాతో వచ్చినవాళ్ళు సత్రం అరుగుమీద ఎండలో పడి ఉన్నారు. చెంగయ్య వాళ్ళను చూపించి, ఒక్క గది విడిచిపెట్టమని స్వామివారిని వేడుకున్నాడు.

“స్థిరానందుడు కదలడు” అన్నారు స్వామివారు.

చెంగయ్య కదిలాడు. మరునాడు స్వామివారి సామాను కూడా కదిలింది.

సత్రం వాకిట్లో, చుట్టిపెట్టిన జింకచర్మం పక్కన, స్వామివారూ వెంకటమునీ మిగిలారు. స్వామివారు ఆయన తలమీద చెయ్యి పెట్టారు. “అందరూ పోయినారు నాయనా. మిగిలింది నువ్వు. ఇకమీదట నువ్వే నా శేషుడివి.”

వెంకటముని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లెక్కల పంతులు కదా, శేషమంటే ఆయనకు తెలియనిదా? భాగహారం అంతా అయ్యాక చివర మిగిలేది శేషం. అది భాజకం కన్నా ఎప్పుడూ చిన్నదిగానే ఉండాలి. గురువు ముందు శిష్యుడు చిన్నగా ఉండాలి కదా, ఎంత బాగా కుదిరింది! ఆ సంబరంలో శేషుడికి వేరే పని ఒకటి ఉందన్న సంగతి ఆయనకు తట్టలేదు.

ఇంటికి వచ్చి బిరుదు సంగతి చెప్పాడు. తండ్రి గురప్ప వీధివాకిలి దగ్గర నులకమంచం మీద ఉన్నాడు. ఆయనకు ఉబ్బసం. నేలమీద వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందదు. కొండగాలి తగిలే ఆ మూల, వదులుగా అల్లిన ఆ మంచం, రెండూ ఉంటే రాత్రి గడిచేది. వైద్యానికని ఊరినుంచి కొడుకు దగ్గరికి వస్తూ ఆ మంచం తలమీద పెట్టుకుని వచ్చాడు.

“బిరుదు బాగుండాది” అంది శకుంతలమ్మ. “శేషుడు చేసే పనేంది మామా?”

“రెండే పనులమ్మా” అన్నాడు గురప్ప. “ఒకటి పడక, ఒకటి పడగ. స్వామి పండుకునేదానికి పడక. భూమిని మోసేదానికి పడగ. మోసి మోసి నొప్పెత్తి ఒక పడగ మీద నుంచి ఇంకో పడగ మీదికి మార్చినాడనుకో, భూకంపమే.”

ఆ మాట పూర్తయ్యేలోపల వాకిట్లో జట్కా ఆగింది.

స్వామివారు లోపలికి వచ్చి ఇల్లంతా కలయజూశారు. మంచం దగ్గర ఆగారు. “ఈడ గాలి బాగుండాది” అన్నారు. గురప్ప లేచి నిలబడ్డాడు, పెద్దవారు వస్తే లేవాలి కనుక. ఆయన లేచిన చోట జింకచర్మం పరుచుకుంది.

కొడుకు బి.ఏ. చదివాడు, వాడికి తెలిసింది తనకేం తెలుసుననుకున్నాడు గురప్ప. దుప్పటి మూటకట్టి గోడకు ఆనించి, దానికి వీపు ఆనించి, కూర్చునే నిద్రపోవడం మొదలుపెట్టాడు. నిద్రపోతున్నాడని వెంకటముని అనుకున్నాడు.

ఇప్పుడు చూడండి, భక్తి ఎట్లా గట్టిపడిందో! జయరామ్‌కు ఇల్లుంది, నాగరత్నమ్మకు ఇల్లుంది, చెంగయ్యకు ఇళ్ళున్నాయి. వాళ్ళు గురువును వదిలి ఇంటికి పోగలిగారు. వెంకటముని వదిలి ఎక్కడికి పోతాడు? ఇంటికే పోవాలి. ఇంట్లో ఎవరున్నారు? గురువు! ఇంత చలించని భక్తి పురాణాలలో మాత్రం ఉందా? శిష్యుల నమ్మకం సడలుతోందని బెంగపడే గురువులంతా వెంటనే వాళ్ళ ఇళ్ళకు మకాం మార్చవలసిందని నా మనవి.

రంగూను బియ్యం రావడం నిలిచిపోయి, దొరికిన నూకలతో జనం సర్దుకుంటున్న కాలంలో స్వామివారికి సన్నబియ్యం, పూటపూటా మిరియాల చారు. చారు కాగినంతసేపూ పొగ వాకిలివైపే పోయేది. గురప్ప కండువా నోటికి అడ్డం పెట్టుకుని దగ్గేవాడు, స్వామివారి యోగనిద్ర చెడకుండా.

“మామకు ఆయాసం ఎక్కువైపోతా ఉండాది. ఆ మంచం ఇయ్యమని చెప్పండి” అంది శకుంతలమ్మ.

“స్వామివారితో ఎట్ల చెప్పేది?”

“నోటితో.”

ఆయన చెప్పలేదు. రెండు వాక్యాలు కూర్చుకున్నాడు, గ్రాంథికంలో.

ఒక పొద్దున గురప్ప తలపాగా చుట్టుకుని, మూట చంకన పెట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు.

“ఏర్పేడు బండికి పోతానబ్బా. మీ అక్క కుప్పమ్మ ఇంట్లో మంచముండాది.”

“నాయనా, వైద్యం సగంలో ఉండాది కదా.”

“ఊపిరి పీల్చేది యాడైనా ఒకటేలే. నిన్ను తప్పు పట్టేదానికి కాదు. నువ్వు సదువుకున్నోడివి, నీకు తెలిసే చేస్తా ఉంటావు.” రెండడుగులు వేసి, గోడ పట్టుకుని ఊపిరి తీసుకుని, మళ్ళీ నడిచాడు.

వెనకనుంచి, మంచం మీదనుంచి, మూసిన కళ్ళతోనే స్వామివారి మాట వచ్చింది.

“పోయేవాళ్ళని పోనీ నాయనా. దగ్గరివాళ్ళు పోతేనే నమ్మకం గట్టిపడేది.”

చెప్పుల దగ్గర సగం విన్న మాట అది. వరుసలు మారుతూ మళ్ళీ మళ్ళీ విన్న మాట. ఇప్పుడు మొదటిసారి పూర్తిగా వినబడింది. వెంకటముని వీధిలోకి చూశాడు. తండ్రి ఇంకా మలుపు తిరగలేదు. అంత నెమ్మదిగా నడుస్తున్నాడు.

“స్వామీ, కొంచెం లేస్తారా?”

“ఎందుకు?”

“శేషుడు పడగ మార్చుకోవాల.”

స్వామివారికి అర్థం కాలేదు. లేవలేదు. వెంకటముని వినయంగా వంగి, మంచం తలవైపు రెండు కోళ్ళూ పట్టుకుని పైకెత్తాడు. స్థిరానందస్వామివారు కదిలారు. జారి నేలమీద కూర్చున్నారు. శకుంతలమ్మ లోపలినుంచి వచ్చి, జింకచర్మం మడిచి ఆయన చేతికి అందించింది.

ఆ పొద్దు బడికి పోతున్న పిల్లలు తమ లెక్కల అయ్యవారు తలమీద నులకమంచంతో స్టేషను రోడ్డున పరుగెత్తడం చూశారు. గురప్ప ఒక అంగడి ముందు ఆగి రొప్పుతున్నాడు. వెంకటముని ఆయన పక్కనే, నడిబజారులో, మంచం దించాడు.

“నడుం వాల్చు నాయనా.”

గురప్ప మంచాన్ని, కొడుకును, చుట్టూ మూగిన జనాన్ని చూశాడు. కూర్చున్నాడు. ఊపిరి కుదిరాక నడుం వాల్చాడు.

“ఏమబ్బా, భూకంపం వచ్చినట్టుండాదే.”

“వచ్చింది నాయనా. సిన్నదే.”

“ఇల్లు నిలిచిందా?”

“ఇప్పుడే నిలిచింది.”

ఇంతకీ ఆ మొదటి వాదన ఏమైందంటారా? చెక్కుచెదరలేదు. స్వామివారు ప్రస్తుతం గూడూరులో ఉన్నారు. దగ్గరి శిష్యుడు వెంకటముని ఎట్లా వదిలిపెట్టిందీ అక్కడ ఉపదేశంలో చెబుతున్నారట. అది విన్నవారి నమ్మకం మరింత గట్టిపడిందట. ఎందుకు వదిలాడని ఎవరూ అడగలేదట. నిమ్మకాయల వ్యాపారి ఒకాయనకు ఈ మధ్యే శేషుడని బిరుదు కూడా ఇచ్చారని తెలిసింది. ఆయనకు నా అభినందనలు.

మీలో ఎవరికైనా గూడూరు వెళ్ళే పని పడితే, ఆ వ్యాపారి ఇంట్లో పెద్దవాళ్ళు రాత్రిపూట ఎక్కడ పడుకుంటున్నారో కొంచెం కనుక్కోండి.